జేబులో ఇమిడిన చీకటి గది

ఉర్దూ మాట్లాడే మన విద్యార్థి గదిని 'కమ్రా' అంటాడు. తెలుగు మాట్లాడే విద్యార్థి ఫోటో తీసే పెట్టెను 'కెమెరా' అంటాడు. ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలేనన్న సంగతి చాలమంది గమనించి ఉండరు. లాటిన్ భాషలో 'కామెరా' అనగా కమాను కప్పు గల గది. ఆ మాట పోర్చుగీసు వారి నోట మన పశ్చిమ తీరానికి వచ్చి 'కమ్రా' అయినది. అదే మాట ఐరోపా శాస్త్రజ్ఞుల చేతిలో 'కామెరా అబ్‌స్క్యూరా', అనగా చీకటి గది, అనే పరిభాషగా మారి, కాలక్రమాన రెండవ సగం రాలిపోయి, 'కెమెరా'గా మనలను చేరినది.

చీకటి గది అన్నది అలంకారంగా చెప్పిన మాట కాదు. బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ 11వ శతాబ్దంలో నిజంగానే ఒక చీకటి గదిని ప్రయోగశాలగా చేసుకున్నాడు. గది బయట కొన్ని దీపాలను వేరువేరు చోట్ల ఉంచి, గోడలోని రంధ్రం గుండా లోపల పడే వెలుగు మచ్చలను పరిశీలించాడు. ఒక దీపానికి అడ్డు పెడితే దానికి ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమయ్యేది. తక్కినవి చెక్కుచెదరక ఉండేవి. కాంతి సరళరేఖలలో ప్రయాణిస్తుందని, ఒక రంధ్రంలో అనేక కిరణాలు కలిసి దూరినా ఒకదానితో ఒకటి కలగాపులగం కావని ఆయన దీనివలన నిరూపించాడు. 'కితాబుల్ మనాజిర్' అన్న ఆయన గ్రంథాన్ని మన భౌతికశాస్త్ర విద్యార్థులు పేరుగానైనా ఎరిగి ఉండాలని మా కోరిక.

ఆ గది నేడు 33 మిల్లీమీటర్ల మందానికి కుదించుకొని పోయినది. మా పూర్వ విద్యార్థి ఒకరు దుబాయిలో ఉద్యోగం చేస్తూ సెలవుపై వచ్చినప్పుడు తన రికో జి.ఆర్. 3 కెమెరాను మూడు వారాలపాటు మా వద్ద ఉంచిపోయాడు. వార్షికోత్సవ చిత్రాల నిమిత్తం కళాశాలకు ఒక కెమెరా కొనవలెనన్న ప్రస్తావన కార్యవర్గంలో ఉన్నందున, మాకు కలిగిన తొలి అభిప్రాయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఇది 2019లో అమ్మకానికి వచ్చిన జపాను కెమెరా. పొడవు సుమారు 109 మి.మీ., ఎత్తు 62 మి.మీ.; బ్యాటరీ, కార్డులతో కలిపి బరువు 257 గ్రాములు, అనగా పావుకిలో. విడుదలైన నాడు అమెరికాలో ధర 900 డాలర్లు. నల్లని పై తొడుగు, ఎర్రగీతలు గాని వెండి మెరుపులు గాని లేవు. చూచిన వారెవ్వరూ దీనిని ఖరీదైన వస్తువని అనుకోరు. స్టాఫు గదిలో బల్లపై ఉంచితే ఒక సహాధ్యాపకులు కళ్ళజోడు పెట్టె అనుకొని పక్కకు జరిపారు.

జేబు కెమెరా అన్న ఊహకు నూరేళ్ళ చరిత్ర ఉన్నది. అంతకు పూర్వం ఛాయాచిత్రకళ బరువు మోయగలవారి విద్య. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడుగా ఉండి 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకలపై చిత్రాలు తీసినవాడు. పెద్ద పెట్టె, ముక్కాలి పీట, గాజు పలకలు, వాటిని మోసే మనుషులు లేనిదే పని సాగేది కాదు. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే యంత్ర నిపుణుడు ఉబ్బసం రోగి. బరువు మోయలేని తన అవస్థకు విరుగుడుగా సినిమా ఫిలిం వాడే చిన్న కెమెరాను రూపొందించాడు. అదే 1925లో లైప్‌జిగ్ సంతలో లోకానికి పరిచయమైన లైకా. ఆపైన 1966లో రోలై 35, 1979లో ఒలింపస్ ఎక్స్.ఏ. వచ్చి కెమెరాను ఇంకా కుదించినవి. ఈ జి.ఆర్. వంశపు మూలపురుషుడు 1996 నాటి ఫిలిం కెమెరా జి.ఆర్. 1. జపాను ఛాయాచిత్రకారుడు దైదో మొరియామా టోక్యో వీధులలో ఈ జాతి కెమెరాలతో తిరిగినందున వీటికి ప్రత్యేకమైన పేరు వచ్చినది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ప్రతి విద్యార్థి చేతిలో ఫోను ఉన్నది. ఫోనులో కెమెరా ఉన్నది. ఇంకొక పెట్టె ఎందుకు? మా తరగతిలో ఒక విద్యార్థి ఇంకొక అడుగు ముందుకు వేసి, "సార్, నా ఫోను లెన్సు మీద 1.8 అని ఉంది, దీని మీద 2.8 అని ఉంది. సంఖ్య చిన్నదైతే వెలుగు ఎక్కువని మీరే చెప్పారు గదా!" అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి సమాధానం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం దాటి వెళ్ళనక్కరలేదు.

ఆ సంఖ్య ఒక నిష్పత్తి. కటకం నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే అది వచ్చును. జి.ఆర్. 3 కటకం నాభ్యంతరం 18.3 మి.మీ. దానిని 2.8తో భాగిస్తే ద్వారం వ్యాసం సుమారు 6.5 మి.మీ. అవుతుంది. మామూలు ఫోనులో కటకం నాభ్యంతరం 4.4 మి.మీ. అనుకుందాము, 1.8తో భాగిస్తే వచ్చేది 2.4 మి.మీ. మాత్రమే. రెండు కెమెరాలూ ఇంచుమించు ఒకే మేర దృశ్యాన్ని చూస్తున్నవి. కాని ఒకదాని కిటికీ వ్యాసం 6.5, రెండవదాని కిటికీ వ్యాసం 2.4. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగును కనుక, అదే దృశ్యం నుండి అదే క్షణంలో మొదటిది లోపలికి రానిచ్చే కాంతి సుమారు ఏడు రెట్లు. ఫోను వ్యాపారులు నిష్పత్తిని ప్రకటిస్తారు, కిటికీ కొలతను ప్రకటించరు. అబద్ధమేమీ లేదు, సగం నిజం.

ఇంత కాంతి వచ్చి పడడానికి తగినంత నేల కావాలి. పూర్వం అది ఫిలిం; నేడు సెన్సర్ అనే సిలికాన్ ఫలకం. మనం చెప్పుకున్న ఫోనులోని ఫలకం వైశాల్యం సుమారు 25 చదరపు మిల్లీమీటర్లు, గింజంత. జి.ఆర్. 3 ఫలకం 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు, వైశాల్యం 366 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద కెమెరాలలో ఉండే ఫలకాన్నే తెచ్చి జేబు కెమెరాలో అమర్చారన్నమాట. అందులో 2 కోట్ల 40 లక్షల బిందువులు ఉన్నవి. వాన పడేటప్పుడు వాకిట్లో చెంబు పెట్టినా, గంగాళం పెట్టినా నీరు నిండుతుంది గాని, చినుకులు తక్కువైన రోజున చెంబు అడుగున తడి మాత్రమే కనబడును. మసక వెలుతురులో ఫోను చిత్రాలలో గరుకుగా కనబడే రంగు చుక్కలు ఆ చినుకుల కొరతయే.

ఫోను ఈ కొరతను గణితంతో పూడ్చుకొంటుంది. మీట ఒకసారి నొక్కితే వరుసగా అనేక చిత్రాలు తీసి, వాటిని కలిపి, గరుకును నునుపు చేసి ఒక్కటిగా చూపుతుంది. ఈ విద్యను మేము తక్కువ చేయడం లేదు. వెనుక కిటికీ, ముందు మనిషి ఉన్నప్పుడు, రెండింటినీ స్పష్టంగా చూపడంలో ఫోను మా కష్టం లేకుండానే గెలిచినది. కెమెరాతో అదే పని చేయడానికి కొలతలు సవరించి, తరువాత కంప్యూటరుపై కూర్చోవలసి వచ్చినది. కాని నునుపు చేసే చోట ఫోను ముసలివారి ముడుతలను, ఖద్దరు నేతను, పాత కాగితపు పీచును కూడ కొంత మేర తుడిచివేస్తుంది. ఏది గరుకు, ఏది ముడుత అన్నది దానికి తెలియదు. పెద్ద ఫలకానికి ఆ తుడుపు అవసరం తక్కువ. కొండారెడ్డి బురుజు రాళ్ళను సాయంకాలపు ఏటవాలు ఎండలో రెండింటితోను తీసి పెద్దవి చేసి చూచాము. కెమెరా చిత్రంలో రాయి రాయిలాగ, మధ్య సున్నం సున్నంలాగ ఉన్నది. ఫోను చిత్రంలో ఆకాశం ఎక్కువ నీలంగా ఉన్నది.

చేతిలోకి తీసుకొని వాడిన మీదట మాకు తోచిన మొదటి వింత, ఇందులో జూమ్ లేకపోవడం. కటకం ఒక్కటే, అది చూచే మేర ఒక్కటే. పాత ఫిలిం కెమెరా భాషలో 28 మి.మీ. కటకం. ఒక మీటరు దూరంలో నిలబడితే 1.28 మీటర్ల వెడల్పు, 0.85 మీటరు ఎత్తు చిత్రంలో పడును. అనగా కూర్చున్న మనిషి నడుము పైభాగం చిత్రం నిండా రావలెనంటే మనం ఆ మనిషికి మీటరు దూరంలో ఉండక తప్పదు. కాళ్ళే జూమ్. కంటికి ఆనించి చూచే గవాక్షం లేదు, ఫ్లాష్ లేదు. వెనుకనున్న తెరపై చూచి తీయవలసినదే. కర్నూలు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏ తెర అయినా అద్దంలాగ మన ముఖాన్నే చూపును గనుక, కొన్నాళ్ళకు తెర చూడడం మాని, ఎంత దూరాన ఎంత మేర పడుతుందో మనసులోనే కొలుచుకోవడం అలవాటైనది.

దీనికి తోడు మరొక ఏర్పాటు ఉన్నది. కెమెరా దృష్టిని ముందే ఒక దూరానికి, ఉదాహరణకు రెండు మీటర్లకు, కట్టివేయవచ్చును. ద్వారాన్ని 8వ మెట్టుకు కుదిస్తే సుమారు ఒక మీటరు నుండి వీధి చివరి వరకు అంతా స్పష్టంగా ఉండును. ఇక వెదకులాట లేదు, మీట నొక్కగానే చిత్రం. రైతు బజారులో నిమ్మకాయలు ఏరే చేతులు, గాడీఖానాలో పంక్చరు వేసే కుర్రవాడు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూచే చూపు, ఇవన్నీ అట్లా దొరికినవే. అడిగే తీశాము. అంత దగ్గర నిలబడి అడగకుండా తీయడం సాధ్యమూ కాదు, మర్యాదా కాదు.

మన సంచిక ఉర్దూ విభాగానికి ఒకప్పుడు శీర్షికలు రాసిన కాతిబ్ సాహెబ్ పాతబస్తీలో ఉన్నారని తెలిసి ఒకనాడు వెళ్ళాము. 1981లో నూరీ నస్తాలీఖ్ యంత్రాక్షరాలు, 1994లో ఇన్‌పేజ్ వచ్చిన తరువాత చేతిరాత కాతిబుల పని ఎట్లా తరిగిపోయినదో ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. డెబ్బదియేండ్లు దాటిన ఆ పెద్దాయన ఇప్పటికీ తెల్లవారు జామున కిటికీ పక్కన కూర్చొని రెల్లు కలంతో సాధన చేస్తారు. గదిలో ఆ ఒక్క కిటికీ వెలుతురే. ఫోనుకు అది చెంబు అడుగున తడి. ఈ కెమెరాకు చాలును.

మేము కెమెరా తీయగానే ఆయన కలం ఆపి, "లెక్చరర్ సాబ్, ఈ ఫోటో ఎక్కడికి పోతుంది?" అన్నారు.

"మన వార్షిక సంచికలో వేస్తాము."

"అక్కడి నుండి?"

కొంతసేపటికి ఆయనే, "చేతులు తీసుకోండి. పని చేసినవి అవే. ముఖం వద్దు" అన్నారు. అట్లే తీశాము.

ఆ ప్రశ్న మమ్ములను చాలా దినాలు వెంటాడినది. ఫోనుతో తీసిన చిత్రం ఎక్కడికి పోతుంది? చాల ఫోనులలో, యజమాని గమనించినా గమనించకున్నా, దూరదేశపు యంత్రశాలలలో ఒక నకలు భద్రమవుతుంది. వాట్సాప్‌లో పెట్టిన మరుక్షణం ఎన్ని చేతులు మారునో ఎవ్వరూ చెప్పలేరు. ఈ కెమెరాకు కూడ నిస్తంత్రీ సౌకర్యం ఉన్నది. దానిని మూసివేస్తే చిత్రం గోరంత కార్డుపైన గాని, లోపలి 2 గిగాబైట్ల నిలువలో గాని పడి ఉంటుంది. ఎవరో ఒకరు కూర్చొని, చూచి, ఏరి, నకలు తీసే వరకు అది గది దాటదు. తీసిన క్షణానికి, పంపిన క్షణానికి నడుమ ఒక రాత్రి గడుస్తుంది. కాతిబ్ సాహెబ్ గారి చిత్రాలు ఇరువది మూడింటిలో అద్దంలో ఆయన ముఖం నీడగా పడినవి రెండు ఉన్నవి. ఆ రాత్రి వాటిని తుడిచివేశాము.

దీనికి రెండవ పక్కను కూడ చెప్పక తప్పదు. ఈ కెమెరా షట్టరు కటకం లోపలనే ఉండడం వలన చప్పుడు దాదాపు వినబడదు. జపానులో అమ్మే ఫోనులకు, దొంగచాటు చిత్రాలను అరికట్టే ఉద్దేశంతో, ఫోటో తీసినప్పుడు చప్పుడు వచ్చే ఏర్పాటును తయారీదారులే చేసుకున్నారు. ఇంత చిన్నది, ఇంత నిశ్శబ్దమైనది, ఇంత సామాన్యంగా కనబడేది అయిన పెట్టె దుర్బుద్ధి గలవాని చేతిలో పడితే ప్రమాదమే. దూరపు జూమ్ లేకపోవడం కొంత అడ్డుకట్ట. పూర్తి అడ్డుకట్ట కాదు. మా కళాశాలలో అమ్మాయిలు సగానికి సగం ఉన్నారు. వేదికపై బహుమతి అందుకొన్న అమ్మాయి ఫోటో ఎవరి ఫోనులోనో కనబడినదని ఇంట్లో మాట పడి, మరుసటి ఏడు పోటీలకు పేరు ఇవ్వనివారు ఉన్నారు. చదువుకు, ఆటకు, పాటకు ఇంత నష్టం జరుగుతున్నప్పుడు ఇది సాంకేతిక విషయమని వదలివేయలేము. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లోనే జనానా స్టూడియో ఒకటి వేరుగా తెరచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరదాలోని స్త్రీలు తమ ఇష్టంతో వచ్చి, స్త్రీ చేతనే ఫోటో తీయించుకొని వెళ్ళేవారు. నూటముప్పది యేండ్ల క్రితం ఒక వ్యాపారికి తట్టిన ఏర్పాటు మనకు తట్టకపోవడం ఏమిటి?

కార్యవర్గం వారికి మా మనవి ఇది. వార్షికోత్సవానికి ఈ కెమెరా పనికిరాదు. వేదికకు ఇరువది మీటర్ల దూరంలో నిలిచి తీస్తే ఉపన్యాసకుడు చిత్రం ఎత్తులో పదోవంతు ఉండును, ఫ్లాష్ లేదు, తయారీదారుల లెక్క ప్రకారమే ఒక బ్యాటరీపై వచ్చేవి సుమారు 200 చిత్రాలు. ఆ పనికి మన ఊరి స్టూడియో వారు చాలు, లేదా జూమ్ గల పెద్ద కెమెరా కావాలి. కాని గ్రంథాలయంలో చెదలు తాకిన పాత రిజిస్టర్లు, చేతివ్రాత ప్రతులు, పాత బోధకుల దస్తూరి, ఊరిలో మిగిలిన పనివారి చేతులు, ఇవి దగ్గరగా నిలిచి నిదానంగా తీయవలసినవి. అందుకు ఈ జాతి కెమెరా ఒకటి, పాతదైనా సరే, చాల కాలం ఉపకరించును. విద్యార్థులు సంచికకు వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫోటో వెడల్పు సుమారు 1600 బిందువులకు కుదించబడుతున్నది. అంగుళానికి 300 బిందువుల ముద్రణలో అది అయిదు అంగుళాలు దాటి రాదు. ఈ కెమెరా చిత్రం 6000 బిందువులు. ఇరువది అంగుళాలు వచ్చును. కెమెరా కొన్నా కొనకున్నా, అమ్మాయిల విభాగంలో చిత్రాలు అమ్మాయిలే తీయవలెనని, కార్డు కార్యాలయపు బీరువాలో ఉండవలెనని, ముద్రించే ముందు వారికి చూపి సమ్మతి తీసుకోవలెనని ఒక నియమం రాసి నోటీసు బోర్డుపై పెట్టవలసినదిగా కోరుతున్నాము.

కాతిబ్ సాహెబ్ గారి చేతుల చిత్రాలు రెండు కాగితంపై ముద్రింపించి ఆయనకు ఇవ్వబోయాము. కళ్ళజోడు సవరించుకొని మొదటిదానిని చాలసేపు చూచారు. గోటి వంకర, వేలిపై సిరా మరక, కాగితపు పీచు అన్నీ స్పష్టంగా ఉన్నవని మేము సంతోషిస్తూ ఉండగా, ఆయన చిత్రంలోని అక్షరంపై వేలు పెట్టి, "ఈ నూన్ కడుపు సరిగా రాలేదు. దీనిని అచ్చు వేయకండి" అన్నారు. ఉర్దూ విభాగం మొదటి పేజీలో వేసినది రెండవ చిత్రం.